కంచే చేను మేస్తే...

ఎనిమిదేళ్ల పిల్లాడు. నిన్నటిదాకా వీధంతా తనదే అన్నట్టు తిరిగాడు. ఇవాళ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఏడుస్తున్నాడు. ఏం తిన్నా వాంతే. మొదటిసారి 'గ్యాస్' అన్నారు. రెండోసారి నులిపురుగుల మందు వేశారు. మూడోసారి నాయనమ్మ దిష్టి తీసింది. నాలుగోసారి సరిగ్గా పరీక్షల ముందురోజు వచ్చేసరికి 'బడి ఎగ్గొట్టే నాటకం' అంటూ నాన్న వీపుమీద ఒకటిచ్చాడు కూడా. ఏడాది తిరిగాక ఓ డాక్టరు రక్తంలో ఎమైలేజ్, లైపేజ్ చూపించమన్నారు. స్కానింగ్‌ తీస్తే క్లోమనాళంలో రాళ్లు!

దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ ఉన్న పిల్లల కథలు చాలావరకూ ఇలాగే మొదలవుతాయి. పెద్దల్లో అయితే మద్యాన్నో సిగరెట్టునో తప్పు పట్టొచ్చు. పాలపళ్లు కూడా పూర్తిగా ఊడని పిల్లాడి సంగతో? నేరం ఎవరిమీద పడుతుందో చెప్పనక్కర్లేదు... 'ఏం పెట్టావో ఏమో' అని తల్లిమీదే. అసలు కారణం తరచుగా వంటింట్లో ఉండదు, జన్యువుల్లో ఉంటుంది.

క్లోమం అంటే ఇన్సులిన్ తయారుచేసేదని అందరికీ తెలుసు. జీర్ణరసాల తయారీ దాని రెండో ఉద్యోగం. వాటిలో ఒకటైన ట్రిప్సిన్ మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. క్లోమమూ మాంసకృత్తులతో అయిందే కదా! అందుకే అది ట్రిప్సిన్‌ని నిద్రపోతున్న రూపంలో తయారుచేసి పంపుతుంది. పేగులోకి చేరాకే మెలకువ. పొరపాటున క్లోమంలోనే లేస్తే పట్టి ఆపడానికి స్పింక్-1 అనే కాపలాదారుంది. ఈ ఏర్పాటులో ఎక్కడ తేడా వచ్చినా క్లోమం తనని తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే!

ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తోందని 1952లోనే అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు రాశారు. కారణం తేలడానికి మాత్రం 1996 వరకూ ఆగాల్సి వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో డేవిడ్ విట్‌కోంబ్ బృందం ఏడో క్రోమోజోమ్ మీదున్న పీఆర్ఎస్ఎస్-1 జన్యువులో లోపాన్ని పట్టుకుంది. ఆ మార్పు వల్ల ట్రిప్సిన్‌ని ముక్కచేసి ఆపేసే చోటు పోతుంది. 2000లో జర్మనీలో హైకో విట్ బృందం ఈ జబ్బున్న 96 మంది పిల్లల్ని, యువకుల్ని పరీక్షించింది. 23 శాతం మందిలో స్పింక్-1లో మార్పులు కనిపించాయి. సీఎఫ్‌టీఆర్, సీటీఆర్‌సీ, సీపీఏ-1... ఇలా జాబితా పెరుగుతూ వచ్చింది.

మరి మన దగ్గర? కేరళలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడంతో ఒకప్పుడు అందరి చూపూ కర్రపెండలం మీద పడింది. అది తినని ప్రాంతాల్లోనూ రోగులు ఉన్నారు కాబట్టి ఆ వాదన నిలబడలేదు. (సగ్గుబియ్యం పాయసం చేసిన అమ్మలు నిశ్చింతగా ఉండొచ్చు.) హైదరాబాద్‌లో సీసీఎంబీ శాస్త్రవేత్త జి.ఆర్.చందక్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన అసలు ముడి విప్పింది. పాశ్చాత్యుల్లో దొరికిన పీఆర్ఎస్ఎస్-1 లోపాలు మన రోగుల్లో కారణంగా కనిపించలేదు. స్పింక్-1 మార్పులు మాత్రం గట్టిగా ముడిపడి ఉన్నాయి.

ఈ తేడా పరిశోధకులకే కాదు, ఇంట్లోవాళ్లకూ ముఖ్యమే. పీఆర్ఎస్ఎస్-1 లోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు బయటపడుతుంది. స్పింక్-1 సంగతి వేరు. అందులో ఎన్34ఎస్ అనే మార్పు మామూలు జనంలోనూ నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది. వాళ్లలో అత్యధికులు జీవితమంతా ఏ నొప్పీ లేకుండా గడిపేస్తారు. ఇంకో జన్యువో మరేదో తోడైతే తప్ప అది జబ్బుగా మారదు. మేనరికపు పెళ్లిళ్లలో ఒకే మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ బిడ్డకు చేరే అవకాశం మాత్రం ఎక్కువ. రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాట చూసి బెంబేలెత్తిపోయే ముందు ఏ జన్యువు, ఏ మార్పు అని అడగాల్సింది అందుకే. 'అర్థం తేలని మార్పు' అని వచ్చే రిపోర్టులూ ఉంటాయి. వాటిని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

పరీక్ష కష్టమైందేం కాదు. కొద్దిగా రక్తమో లాలాజలమో చాలు. సీఎఫ్‌టీఆర్ మీద అనుమానం ఉంటే చెమట పరీక్ష కూడా చేస్తారు. ఫలితం వచ్చినంత మాత్రాన జన్యువు మారదు, నొప్పీ ఆగదు. రాళ్లను షాక్ తరంగాలతో పొడిచేసి ఎండోస్కోపీతో తీయడం, ఎంజైమ్ మాత్రలు, షుగర్ మీద ఓ కన్ను... చికిత్స చాలావరకూ మామూలుగానే సాగుతుంది. కాకపోతే కారణం వెతుకుతూ ఊరూరా తిరగడం ఆగుతుంది. నొప్పి తగ్గక క్లోమాన్నే తీసేసి, ఇన్సులిన్ కణాల్ని వేరుచేసి కాలేయంలోకి ఎక్కించే ఆపరేషన్ (మిన్నెసోటాలో 1977లో తొలిసారి చేశారు) గురించి ఆలోచించాల్సి వస్తే మాత్రం ఈ రిపోర్టు చాలా అవసరం. పీఆర్ఎస్ఎస్-1 ఉన్న పిల్లలకు పెద్దయ్యాక క్లోమ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. సిగరెట్ జోలికి పోకూడదని వాళ్లకు ముందే చెప్పొచ్చు.

ఇక తండ్రులు గుమ్మం దాటబోతూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, వీడి చెల్లెలికీ చేయించమంటారా?" పాపకి ఏ నొప్పీ లేకపోతే ఇప్పుడు వద్దనే నిపుణులు ఎక్కువమంది చెబుతారు. రాని జబ్బు పేరు చెప్పి పసిదాన్ని రోగిని చేయడం, రేపు పెళ్లి సంబంధాల దగ్గర ఆ కాగితం తిరగడం... ఎందుకొచ్చిన తంటా? పెద్దయ్యాక కావాలనుకుంటే తనే చేయించుకుంటుంది. ఈలోగా ఎప్పుడైనా కడుపు పట్టుకుని ముందుకు వంగి ఏడిస్తే మాత్రం గ్యాస్ అనుకోకుండా, అన్నయ్య సంగతి చెప్పి, ఆ రోజే లైపేజ్ పరీక్ష చేయించాలి.