అశ్రఫీని మూసలో వేసే ముందు

మోత్కూర్: పసిడి ధర పెరిగినకొద్దీ పాత బంగారం పెట్టెల్లోంచి బయటికి వస్తుంది. పెళ్లి ఖర్చుకో, పంట అప్పుకో అమ్మకానికి తెచ్చే నగల మూటలో, 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతంలో, ఒకటీ అరా అశ్రఫీ కూడా ఉండవచ్చు. దుకాణంలో దానికి జరిగే మర్యాద తెగిన గొలుసుకు జరిగేదే. గీటురాయి మీద గీస్తారు, కాటాలో వేస్తారు, తరుగు తీస్తారు, మూసలో పడేస్తారు. ఈ పద్ధతి అమ్మేవారికి నష్టమని మా అభిప్రాయం.

లెక్క చూద్దాం. అశ్రఫీ తూకం సుమారు 11.18 గ్రాములు, అంటే తులానికి అర గ్రాము తక్కువ. నూటికి 91 పాళ్లు బంగారం కనుక మేలిమి 10 గ్రాముల పైచిలుకు. ఇది లోహం ధర మాత్రమే. ఏ ఏటి నాణెం, ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టి నాణెం ధర వేరే ఉంటుంది. చార్మినార్ ముద్రలో నడిమి గుమ్మాన 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది; 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. హిజ్రీ సంవత్సరం నాణెం మీదే ఉంటుంది.

కరిగించడం వల్ల ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 1795లో మొదలైన బంగారు నాణేలలోని లోహం ముఖవిలువను మించిపోయి, అవి మూసల పాలయ్యాయి. 1834లో నాణెంలో బంగారం తగ్గించాల్సి వచ్చింది. 1822లో అయిదు డాలర్ల నాణేలు 17,796 ముద్రించినట్లు లెక్క. ఆ ఏటివి ఇప్పుడు తెలిసినవి మూడే. రెండు మ్యూజియంలో ఉన్నాయి. మూడవది 2021 వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది.

అలాగని ప్రతి అశ్రఫీ నిధి కాదు. దండ కోసం కొక్కెం అతికించినదానికి, మెరుగు పెట్టినదానికి లోహం ధరకు మించి పెద్దగా రాదు. కనుక నాణేన్ని చింతపండుతో తోమవద్దు. కొనేవారు నకిలీల విషయంలో జాగ్రత్తపడాలి.

పొలంలో దొరికినవాటి సంగతి వేరు. పాతిన సొత్తు పది రూపాయల విలువ దాటితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు నిండిన నాణేన్ని 1972 చట్టం ప్రకారం ఎవరూ సొంతంగా దేశం దాటించరాదు.

వ్యాపారులకు మా సూచన ఒక్కటే: నాణెం కొన్నప్పుడు తూకంతోపాటు దాని సంవత్సరాన్నీ చీటీ మీద రాసివ్వండి. అమ్మేవారు తెలిసినవారికి చూపించేదాకా, నాలుగు రోజులు ఆగండి. ధర నేడు తగ్గినా రేపు పెరగవచ్చు. కరిగిన అశ్రఫీ మాత్రం తిరిగి రాదు.