పైప్ ఆర్గాన్‌లో మన తాళాలు



మన పల్లె సంఘాల్లో అప్పుడప్పుడు ఒక మాట వింటూ ఉంటాం: "హార్మోనియం గుడిది, డప్పు బయటిది." అయితే హార్మోనియం మన ఊళ్ళో పుట్టినది కాదు. 1842లో పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబేన్ దానికి పేటెంటు పొందాడు. పాశ్చాత్య దేశాల పెద్ద గుడుల్లో ఉండే పైప్ ఆర్గాన్‌కు అది చెల్లెలు వంటిది. తిత్తుల గాలి హార్మోనియంలో రీడులను కదిలిస్తుంది. పైప్ ఆర్గాన్‌లో గొట్టాల్లోకి పోయి పలుకుతుంది.

అదే పారిస్‌లో పరిశుద్ధ త్రిత్వము పేర ఒక కేథలిక్ దేవాలయం ఉంది. దాని ఆర్గాన్‌ను కవాయె-కోల్ అనే నిపుణుడు 1869లో నిర్మించాడు. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటులో అది దెబ్బతింటే ఆయనే తిరిగి బాగుచేశాడు. 1931లో ఒలివియే మెస్సియాన్ అనే 22 ఏళ్ళ యువకుడు ఆ ఆర్గాన్ వాయించే సేవలో చేరాడు. 1992లో కన్నుమూసే వరకు ఆ సేవ విడువలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా చిక్కినప్పుడు కూడా, ప్రకటన గ్రంథం 10వ అధ్యాయంలోని దేవదూతను ధ్యానించి ఒక కృతి రచించి, 1941 జనవరి 15న తోటి ఖైదీలతో కలిసి శిబిరంలోనే వినిపించాడు.

మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో 120 దేశీ తాళాలున్నాయి. ఆ పట్టిక ఒక ఫ్రెంచి గ్రంథంలో మెస్సియాన్ కంటబడింది. వాటిని శ్రద్ధగా అభ్యసించి, 1935లో ప్రభువు జననంపై ఆర్గాన్ కోసం రాసిన తొమ్మిది భాగాల కృతిలో ఆ లయలను వాడుకొన్నాడు. మన దేశపు తాళం పరదేశపు గుడిలో బేత్లెహేము శిశువును స్తుతించింది! కాళేశ్వరం దాటాక గోదావరిలో ప్రాణహిత నీళ్ళేవో ఎవరు వేరు చేయగలరు?

మన పెద్దల్లో కొందరు డప్పును గడప దాటనివ్వకపోవడానికి కారణముంది. ఆ డప్పు పేరు చెప్పి లోకం వారిని చిన్నచూపు చూసింది. ఆ గాయం మనకు తెలుసు. అయితే తప్పు వాద్యానిది కాదు, చిన్నచూపు చూసిన కళ్ళది. 150వ కీర్తనలో బూర, సితార, తంబుర, పిల్లనగ్రోవి, తాళములు అన్నిటికీ చోటుంది.

కనుక పెద్దలను నొప్పించకుండా, వారితో కూర్చొని మాట్లాడండి. వారు సమ్మతిస్తే ఈ క్రిస్మస్‌కు ఒక్క కీర్తనకైనా, మాటలు మునిగిపోకుండా మెల్లగా, డప్పును పలికించండి. ఆ చేతులను చేసినవాడు ఆ దరువును కూడా అంగీకరిస్తాడు.