అప్పు చరిత్రే అర్హతా పత్రమా?
పల్లెలకు పాకిన ‘సిబిల్’ లెక్క - కొలువులకూ అదే కొలబద్ద

శ్రీకాకుళం: బ్యాంకు గడప తొక్కిన రైతును ఒకప్పుడు పాసు పుస్తకం, అడంగల్ నకలు అడిగేవారు. నేడు వాటికన్నా ముందు మేనేజరు కంప్యూటరులో ఒక అంకె చూస్తున్నారు. అది తక్కువగా ఉంటే వంశధార కింద మాగాణి ఉన్నవారికైనా, ఉద్దానంలో జీడితోట ఉన్నవారికైనా వినిపించే మాట ఒకటే: ‘సిబిల్ బాగులేదు’. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఈ మాట తెలియని ఇల్లు నేడు అరుదు. అయితే దాని లోగుట్టు తెలిసినవారు కొద్దిమందే.

సిబిల్ ప్రభుత్వ కార్యాలయం కాదు. 2000లో ఏర్పడిన కంపెనీ. 2005 నాటి కేంద్ర చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో ఇటువంటి కంపెనీలు నాలుగు పనిచేస్తున్నాయి. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, వాయిదాలు గడువులో కట్టారా లేదా అన్న వివరాలను బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వీటికి పంపుతాయి. వాటిని బట్టి 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తారు. అప్పు ఇవ్వాలా, వద్దా అని తేల్చేది మాత్రం సిబిల్ కాదు, బ్యాంకే.

మచ్చ పడేదెక్కడ?

పంట రుణం, బంగారంపై అప్పు, మోటారు సైకిలు వాయిదాలు అన్నీ ఈ చిట్టాకెక్కుతాయి. పొరుగువాడి అప్పుకు పూచీ పడితే అదీ ఎక్కుతుంది. అతడు ఎగవేస్తే మచ్చ పూచీదారుకూ తప్పదు. బ్యాంకుతో రాజీ కుదుర్చుకొని కొంత తగ్గించి కట్టినవారు బాకీ తీరిందనుకుంటారు. చిట్టాలో అది పూర్తిగా తీరిన అప్పుగా కాక, ‘సెటిల్’ అయిన అప్పుగా నమోదవుతుంది. తరువాత అప్పు ఇచ్చేవారు దీనిని లోపంగానే చూస్తారు.

రుణమాఫీ అనుభవం మరో పాఠం. 2014లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర రూపాయల వరకు పంట రుణాల మాఫీ ప్రకటించింది. 50 వేలు దాటిన బాకీలను ఐదు వాయిదాల్లో తీర్చే పద్ధతి పెట్టింది. చివరి రెండు వాయిదాలు రైతుకు అందకుండానే 2019లో ప్రభుత్వం మారింది, అవి రద్దయ్యాయి. హామీని నమ్మి కట్టడం మానినవారి ఖాతా గడువు మీరుతుంది. బ్యాంకు పుస్తకానికి కావలసింది జమ, వాగ్దానం కాదు.

ఉద్యోగానికీ అడ్డు

ఈ లెక్క అప్పుతో ఆగడం లేదు. బ్యాంకు ఉద్యోగ ప్రకటనల్లో అభ్యర్థి అప్పు చరిత్ర సవ్యంగా ఉండాలన్న షరతు కనిపిస్తున్నది. స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థిని ఎంపిక చేసి, చిట్టా బాగులేదని నియామకం రద్దు చేయగా, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు చర్యను సమర్థించింది. ప్రజల సొమ్ముతో వ్యవహరించేవారికి ఆర్థిక క్రమశిక్షణ అవసరమన్నది అందులోని వాదన. వాదన కాదనలేనిదే. కాని చదువు కోసం అప్పుచేసి, ఉద్యోగం దొరకక వాయిదా తప్పినవాడికి ఆ ఉద్యోగమే నిరాకరిస్తే బాకీ తీరేదెలా? ఈ ప్రశ్నకు జవాబు కావాలి. విద్యా రుణం విషయంలో మార్కులు తక్కువన్న ఒక్క కారణంతో దరఖాస్తు తోసిపుచ్చరాదని 2023లో కేరళ హైకోర్టు చెప్పడం గమనార్హం.

అసలు అప్పే చేయనివారికి చరిత్రే ఉండదు. తొలిసారి అప్పు అడిగేవారిని ఆ కారణంగా తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు సూచించినట్లు 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుకు తెలిపింది.

రైతు చేయవలసింది

ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. సొంత నివేదిక చూసుకుంటే మార్కులు తగ్గవు. తప్పు ఉంటే బ్యాంకుకు గాని, కంపెనీకి గాని ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకుంటే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ న్యాయం జరగకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు.

బాకీ పడినట్లు కంపెనీలకు తెలిపేటప్పుడు ఖాతాదారుకు సెల్‌ఫోను ద్వారా కబురు పంపాలని కూడా నిబంధన ఉంది. విశాఖకో, చెన్నైకో, గుజరాత్ తీరంలో చేపల వేటకో వలసపోయినవారి నంబర్లు మారుతుంటాయి. బ్యాంకులో పాత నంబరే ఉంటే కబురు చేరదు. ఊరు విడిచేముందు నంబరు మార్పించుకోవడం, అప్పు తీరిన వెంటనే బాకీ లేదన్న పత్రం తీసుకొని దాచుకోవడం మేలు.

నివేదిక తెప్పించుకోవడం చదువురాని రైతుకు సులువు కాదు. రుణం తిరస్కరించినపుడు ఏ ఖాతా వల్ల తిరస్కరించారో బ్యాంకు సిబ్బంది తెలుగులో కాగితంపై రాసి ఇస్తే సగం చిక్కు వీడుతుంది. పంట రుణాల సీజనుకు ముందే జిల్లా లీడ్ బ్యాంకు అధికారులు మండలాల్లో శిబిరాలు పెట్టి రైతుల నివేదికలు చూపించడం అవసరం. ఎక్కడ తప్పిందో తెలియని మనిషి దిద్దుకునేదేమిటి?