అంతుచిక్కనిది రోగమా, లెక్కా?

మన పత్రికల్లో తరచూ కనిపించే శీర్షిక ఒకటుంది: "అంతుచిక్కని వ్యాధితో కోళ్ళ మృతి". సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ భాష కొత్తేమీ కాదు. రాత్రి బాగానే ఉన్న సర్వర్ తెల్లారేసరికి పడిపోయి ఉంటుంది. లాగ్ ఫైలు చూస్తే ఖాళీ. మీటింగులో ఎవరో ఒకరు "కారణం తెలియదు" అంటారు. కారణం లేక కాదు, ఎవరూ రాసిపెట్టలేదు కనక తెలియదు. పెరటి కోళ్ళ విషయంలోనూ చాలాసార్లు జరుగుతున్నది ఇదేనని నా అభిప్రాయం.

2025 జనవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు కుప్పలుగా చనిపోయాయి. మొదట కొందరు రాణిఖేత్ అన్నారు (మన ఊళ్ళలో కొక్కెర తెగులు అంటాం), కొందరు చలిగాలి అన్నారు. సంక్రాంతి పందేలకి పుంజులు ఊళ్ళు తిరిగే నెల అదే. ఫిబ్రవరి రెండో వారంలో భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల తేల్చి చెప్పింది: పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు నమూనాల్లో ఉన్నది హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ. మార్చిలో పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పాపకి సోకింది కూడా హెచ్5ఎన్1 అని పూణెలోని వైరాలజీ సంస్థ నిర్ధారించింది. "పోతే పోయాయి, కోళ్ళే కదా" అనుకునేవాళ్ళు ఈ రెండో వార్తని మరిచిపోకూడదు.

నిజానికి కోడి ఉన్నట్టుండి చచ్చిపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. రాణిఖేత్, బర్డ్ ఫ్లూ, కోళ్ళ కలరా, మే నెల వడదెబ్బ, పురుగుమందు పట్టిన గింజలు, ఎలకల మందు. మెడ వంకర తిరిగితే రాణిఖేత్ అనీ, తురాయి నీలంగా మారితే బర్డ్ ఫ్లూ అనీ పెద్దవాళ్ళు చెప్తారు. అది ఊహకి పనికొస్తుందే తప్ప నిర్ధారణకి చాలదు, రెండు రోగాల లక్షణాలూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. తేల్చేది ప్రయోగశాల పరీక్ష ఒక్కటే. మరి నమూనా ప్రయోగశాలకి వెళ్ళాలంటే ముందు ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. ఎప్పుడు చెయ్యాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నేనుండే జీగెన్ కొండల మధ్య ఊరు. ఇళ్ళ వెనక నాలుగైదు పెట్టల్ని పెంచుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. జర్మనీలో ఒక్క కోడిని పెంచినా పశువైద్య కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి, రాణిఖేత్ టీకా తప్పనిసరి. మా పక్కింటావిడ టీకా వేసిన తేదీలు కాగితమ్మీద రాసి గూటి తలుపు లోపల అంటించుకుంది. వీటన్నిటికంటే నాకు నచ్చింది బర్డ్ ఫ్లూ చట్టంలోని ఒక చిన్న నిబంధన. వందలోపు కోళ్ళున్నచోట 24 గంటల్లో మూడు గాని అంతకంటే ఎక్కువ గాని చనిపోతే, యజమాని వెంటనే పశువైద్యుణ్ణి పిలిచి అది బర్డ్ ఫ్లూ కాదని పరీక్షతో తేల్చుకోవాలి. వంద దాటితే రెండు శాతం లెక్క.

మన భాషలో చెప్పాలంటే ఇది అలర్ట్‌కి పెట్టిన హద్దు. "అనుమానం వస్తే చెప్పండి" అంటే ఎవరికీ అనుమానం రాదు. "మూడు పోతే చెప్పండి" అంటే పదేళ్ళ పిల్లాడైనా చెప్పగలడు. రోగం పేరు తెలియక్కర్లేదు, లెక్కపెట్టడం వస్తే చాలు.

అలాగని జర్మనీలో కోళ్ళు చావడం లేదని కాదు. 2025 అక్టోబరులో వలస వెళ్తున్న క్రేన్ పక్షులు ఇక్కడ వేల సంఖ్యలో రాలిపోయాయి. ఆ శరదృతువులో ఫారాల్లో పదిలక్షలకి పైగా కోళ్ళనీ బాతులనీ చంపాల్సి వచ్చింది. నిబంధన వైరస్‌ని ఆపలేదు. కానీ ఎక్కడ, ఎప్పుడు, ఏ వైరస్ అన్నది తెలిసింది. తెలిస్తేనే పక్క ఊరిని కాపాడుకునే వీలు.

ఇక మన వైపు చూద్దాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ళు దాదాపు 31.7 కోట్లు. ఆవుకీ గేదెకీ చెవికి 12 అంకెల గుర్తింపు బిళ్ళ వేస్తున్నాం. కోడికి ఊరూ పేరూ లేదు. మొన్నామధ్య అమ్మ ఫోన్లో "కోళ్ళన్నీ పోయాయిరా, ఏదో గాలి సోకింది" అంది. "ఎన్ని పోయాయమ్మా, ఎన్ని రోజుల్లో?" అంటే, "లెక్కెవరు పెట్టార్రా? ఉన్నవి రెండు" అంది. ఇలాంటి లాగ్‌తో ఏ ప్రయోగశాల మాత్రం ఏం చేస్తుంది?

ఇది చదవగానే మనలో సగంమందికి "ఒక యాప్ రాసేద్దాం" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ కొరత యాప్‌ది కాదు. మన దగ్గర పరిహారం ఇచ్చేది అధికారులు వచ్చి చంపించిన కోళ్ళకే. వాళ్ళు వచ్చేలోపు చచ్చినవాటికి పైసా రాదు. ఫోన్ చేస్తే బతికి ఉన్నవి కూడా పోతాయి, చుట్టుపక్కల అమ్మకాలు ఆగిపోతాయి, ఊళ్ళో మాట పడాలి. చెయ్యకపోతే జబ్బు కోడిని సగం ధరకి అమ్ముకోవచ్చు, లేదా కూర వండుకోవచ్చు. ఇలాంటి చోట దాచేవాణ్ణి తప్పు పట్టి లాభం లేదు, వ్యవస్థే దాచమని చెప్తూంది. మొదటి మూడు చచ్చిన కోళ్ళ గురించి చెప్పినవాడికి ఆ మూడింటికీ డబ్బిస్తే, తరవాత చంపాల్సివచ్చే వేల కోళ్ళ పరిహారంతో పోలిస్తే అది చిల్లర ఖర్చు. ప్రభుత్వాలు ముందు చెయ్యాల్సింది ఇదీ, మూడు అనే అంకెని గోడలమీద రాయించడమూనూ.

ఈలోగా మనం చెయ్యగలిగింది కొంత ఉంది. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాలుగు మాటలు చెప్పండి. ఒకే రోజు మూడు కోళ్ళు పోతే సంచార పశువైద్యశాల నంబరు 1962కి గాని, ఊళ్ళో పశువుల డాక్టరుకి గాని ఫోన్ చెయ్యమనండి. చచ్చినదాన్ని కోసి చూడొద్దు, వండొద్దు, కాలవలో పడెయ్యొద్దు. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి.

నాలుగోది టీకా సంగతి. రాణిఖేత్ టీకా సీసాలో వంద డోసులో అంతకంటే ఎక్కువో ఉంటాయి, ఇంట్లో ఉండేవి పది కోళ్ళు. సీసా కలిపాక నిలవ ఉండదు. అందుకని ఎవరూ కొనరు. వీధిలో పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే రోజు వేయిస్తే ఖర్చు లెక్కలోకి రాదు. ఊరికి ఏదైనా చేద్దామని బడికి కంప్యూటర్లు పంపే మిత్రులారా, ఏడాదికి నాలుగు సీసాలూ, ఇంటికో క్యాలెండరూ, దానికి వేలాడే పెన్సిలూ పంపి చూడండి. కోడి పోయిన రోజున ఒక గీత గీస్తే చాలు.