కొలనులో గెలిచిన గౌరవం

అమెరికాలో ఒకనాడు అనేక సార్వజనిక ఈత కొలనులలో నల్లజాతివారికి ప్రవేశం నిషిద్ధం. నీటికి దూరం చేసిన సమాజమే పిదప వారికి ఈత అబ్బదని నిందవేసింది. ఆ జాతి విద్యాభ్యున్నతికై 1867లో వాషింగ్టన్ నగరంలో వెలసిన హోవర్డు విశ్వవిద్యాలయం ఆ నిందకు కొలనులోనే సమాధానం చెప్పింది. 2023లో దాని పురుషుల ఈత, డైవింగ్ జట్టు నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్స్ విజేతగా నిలిచింది. 34 ఏండ్ల తరువాత దక్కిన విజయమది! ఈదినవారి పాయింట్లు, దూకినవారి పాయింట్లు కలిసినప్పుడే జట్టుకు గెలుపు. శిక్షకుడు నికొలస్ ఆస్క్యూ అక్కడి పూర్వ విద్యార్థియే.

అల్పసంఖ్యాకుల కళాశాలకు పుస్తకాలు చాలును, క్రీడలు విలాసమని తలచే పెద్దలు దీనిని గమనింతురు గాక. సొంత కొలను లేకున్నను, ఊరి కొలనులో వారానికి రెండు గంటలు అద్దెకు తీసుకొనవచ్చును. ఈత పతకానికి మాత్రమే కాదు, ప్రాణరక్షణకు కూడా విద్యయే కదా!