ఎచ్చట నిలుపవలెనో ముందే వ్రాసికొనుడు

బ్రిటిషు ప్రభుత్వమువారు 1947లో, నేడు టాంజానియాలో చేరియున్న టాంగన్యికాయందు, లక్షలాది యెకరముల పొదయడవిని ట్రాక్టర్లతో కొట్టించి వేరుసెనగ పండింపబూనిరి. నేలను, వానను చాలినంత పరీక్షింపరైరి. కొంగ్వా ప్రాంతపు బంకనేల వేసవిలో ఱాయివలె బిగిసెను. అట్టి నేలనుండి కాయ యూడిరాదని మన సీమ రైతుబిడ్డ నడిగినను చెప్పియుండును! అయినను, ఇంత వ్యయించితిమి, ఇప్పుడు మానుట యెట్లని మరల మరల ధనము క్రుమ్మరించిరి. 1951లో మానునాటికి నష్టము 3 కోట్ల 60 లక్షల పౌనులు.

మన సంఘములును యంత్రములు, కంప్యూటర్లు కొనుచున్నవి. కొనవలదని మే మనము. కాని ఎంత సొమ్ము వెచ్చించి, ఎన్ని నెలలు చూచి, పని సాగనిచో నిలుపవలెనో కొనుగోలు తీర్మానముననే వ్రాయించుడు. గడువునాడు లెక్క చూచువారు ఆ యంత్రమును తెప్పించినవారు కారాదు. వారికి తమ మాట నిలుపుకొనుటయే ముఖ్యమగును. వ్యయమగునది సభ్యుల వాటాధనము. రాబోవు సర్వసభ్య సమావేశముననే ఈ సంగతి నడుగుడు.