ఎక్కిళ్ళు: ఎవరు తలచుకుంటున్నట్టు?

తెలుగువారి ఇళ్ళలో ఎక్కిళ్ళకు రెండే కారణాలు చెబుతారు. ఎవరో తలచుకుంటున్నారన్నది పెద్దలకు, ఏదో దొంగతనంగా తిన్నావన్నది పిల్లలకు. "డబ్బాలో బెల్లం ఎందుకు తీశావురా?" అని బామ్మ గద్దించగానే, "నేను తీయలేదే!" అని ఉలిక్కిపడిన పిల్లవాడికి ఎక్కిళ్ళు ఆగిపోవడం మనలో చాలామంది చూసినదే. ఈ మాటలను ఉత్త మూఢనమ్మకాలని కొట్టిపారేసేవారితో నాకు కొంత పేచీ ఉంది. వీటితోనే సరిపెట్టుకునేవారితో అంతకంటె పెద్ద పేచీ ఉంది.

ఊపిరితిత్తుల కింద గొడుగులా పరచుకున్న కండరాన్ని ఉదరవితానం అంటారు. అది ఉన్నట్టుండి బిగుసుకున్నప్పుడు గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకువస్తుంది. సుమారు 35 మిల్లీసెకన్లలో కంఠబిలం మూసుకుంటుంది. తలుపు పడినట్టు వచ్చే ఆ చప్పుడే ఎక్కిలి. దీనిని నడిపే నాడులలో ముఖ్యమైనవి ఫ్రెనిక్, వేగస్ నాడులు. గబగబా తినడం, పొట్ట ఉబ్బేలా తినడం, సోడాలు, మద్యం వీటిని రెచ్చగొడతాయి.

ఊపిరి బిగబడితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి ఎక్కిళ్ళ జోరు తగ్గుతుంది. గుక్క తిప్పుకోకుండా నీళ్ళు తాగడం, పంచదార మింగడం గొంతులోని నాడులను కదిలించి ఆ లయను తెంచుతాయని వైద్యుల వివరణ. 1971లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక చిన్న నివేదిక, చెంచాడు పొడి పంచదార మింగిన 20 మందిలో 19 మందికి ఎక్కిళ్ళు వెంటనే ఆగాయని చెప్పింది. ఇరవై మందితో శాస్త్రం స్థిరపడదు గాని, బామ్మను వెక్కిరించే హక్కు మాత్రం మనకు పోతుంది. ప్లేటో 'సింపోజియం'లో అరిస్టోఫనీసుకు ఎక్కిళ్ళు వస్తే వైద్యుడు చెప్పినవీ ఇలాంటివే: ఊపిరి బిగబట్టు, నీళ్ళు పుక్కిలించు, అప్పటికీ తగ్గకపోతే ముక్కు గిలిగింత పెట్టుకుని తుమ్ము. చివరికి తుమ్ముతోనే తగ్గింది.

పసిబిడ్డలకు మాత్రం ఈ చిట్కాలేవీ వద్దు. తల్లి కడుపులో ఉండగానే వారికి ఎక్కిళ్ళు వస్తాయి, వాటంతటవే పోతాయి. భుజాన వేసుకుని వీపు నిమిరితే చాలు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎక్కిళ్ళ పేరుతో నీళ్ళు పట్టకూడదు.

ఇక నా పెద్ద పేచీ. చరక సంహిత ఎక్కిళ్ళను ఉబ్బసంతో కలిపి ఒకే అధ్యాయంలో చర్చించి, అయిదు రకాలుగా విభజించింది. తిండి తొందరవల్ల వచ్చే అన్నజ, తేలికపాటి క్షుద్ర ఒక వైపు. ప్రాణం తీయగల మహాహిక్క, గంభీర మరొక వైపు. మన ఇళ్ళలో మొదటి సగం చిట్కాలుగా నిలిచింది. రెండవ సగాన్ని మరిచిపోయాం.

మా బంధువులలో ఒక పెద్దాయనకు నాలుగు రోజులపాటు ఎక్కిళ్ళు ఆగలేదు. నిద్ర లేదు, ముద్ద దిగదు. పలకరించవచ్చినవారందరూ "అమెరికాలో మనవడు తలచుకుంటున్నాడేమో" అని నవ్వించి వెళ్ళారు. అయిదవ రోజున రక్తపరీక్ష చేస్తే మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని తేలింది. ఆ నవ్వులలో దురుద్దేశం లేదు. కాని అవి నాలుగు రోజులు తినేశాయి.

48 గంటలు దాటిన ఎక్కిళ్ళకు వైద్యులు కారణం వెదుకుతారు. మూత్రపిండాల వైఫల్యం, మెదడు కాండంలో పక్షవాతం, ఛాతీలోనో పొట్టలోనో గడ్డలు, స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులు, అరుదుగా గుండెపోటు కూడా వాటి వెనుక ఉండవచ్చు. ఛాతీనొప్పి, మాట ముద్దకావడం, తూలడం తోడైతే ఆ రెండు రోజులు కూడా ఆగకూడదు. మొండి ఎక్కిళ్ళకు క్లోర్‌ప్రోమజీన్, బాక్లోఫెన్ వంటి మందులున్నాయి. అవి వైద్యుడు ఇవ్వవలసినవే గాని, దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు.

పంచదార డబ్బాను వంటింట్లోనే ఉంచుదాం. బామ్మ గద్దింపునూ ఉంచుకుందాం. రెండు రోజులు గడిచినా ఎక్కిళ్ళు ఆగని మనిషి ఎదురైనప్పుడు మాత్రం, ఎవరు తలచుకుంటున్నారని అడగవద్దు. డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్తున్నారని అడుగుదాం.